ఆరోగ్యమ్మ అడిగిన మట్టి

18-8-58, సోమవారం

పొద్దున జల్లు పడింది. మిరప నారుమడికి చాలు, చేనుకి చాలదు.

మధ్యాహ్నం ఆరోగ్యమ్మ వచ్చింది. చేతిలో పొడుగాటి కవరు, దాని మీద సర్కారు ముద్ర. యుద్ధంలో పోయిన కొడుకు గురించి పదమూడేళ్ళకి ఉత్తరం వచ్చిందని ఊరవతల పల్లెలో సగంమంది ఆవిడ వెనకాలే మా అరుగు దాకా వచ్చేశారు. "సదువు బాబూ, మా మరియదాసు సంగతేనంట," అంది. ఇంగ్లీషు ఉత్తరం. ఈ ఊళ్ళో ఇంగ్లీషు కాగితం ఎవరికొచ్చినా మిలిటరీ రోశయ్య దగ్గరికే రావాలి గదా.

మనసులో ఒకటి చదువుకున్నాను. పైకి ఇంకొకటి చదివాను.

అందులో ఉన్నది ఇది. రంగూన్ దగ్గర తౌక్యాన్ అనేచోట బర్మా యుద్ధంలో పోయినవాళ్ళ కోసం పెద్ద స్మారకం కట్టారు. పూడ్చినవాళ్ళకి ఎవరి సమాధి వాళ్ళకి ఉంది. మతాచారం ప్రకారం దహనం చేసిన హిందూ సిపాయిల పేర్లు వేరే రాతిమీద చెక్కారు. మరియదాసు పేరు, పట్టాళం కాగితాల్లో ఉన్నట్టుగా, ఆ రెండో రాతిమీద ఉంది.

నేను పైకి చదివింది ఇది. "మీ అబ్బాయి సమాధి చుట్టూ రాతిగోడ కట్టారు. పాత చెక్క సిలువ తీసేసి రాతి సిలువ పెట్టారు. దానిమీద పేరు చెక్కారు."

ఆరోగ్యమ్మ మా అరుగు కింద మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని సిలువ గుర్తు వేసుకుంది. వెనకాల వాళ్ళందరూ వేసుకున్నారు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఉత్తరం నా దగ్గరే ఉంటే భద్రమని చెప్పి ఉంచేసుకున్నాను.

19-8-58

ట్రంకుపెట్టెలో నా డిస్చార్జి కాగితాల కింద పెట్టాను. తాళం వేశాను. ఎన్నడూ వెయ్యని తాళం ఇవాళెందుకని మల్లేశ్వరి అడిగింది. ఎలకలన్నాను. "ఎలకలకి తాళం తియ్యటం వచ్చా?" అంది. నా పెళ్ళాం నోటికి జవాబు చెప్పగలిగితే నేను కలెక్టరునై ఉందును.

21-8-58

రాసుకుంటే తల తేలికవుతుందేమో. ఈ డైరీ పొగాకు కంపెనీవాళ్ళు ఊరికే ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఇందులో వానలూ నాట్లూ తప్ప ఏమీ లేవు. మల్లేశ్వరికి చదువు రాదు, అదొకందుకు మేలే.

నేను అబద్ధం చెప్పింది మొన్న కాదు. నలభై ఆరులోనే చెప్పాను. బర్మా నుంచి వచ్చిన పదకొండు రోజులకి గానీ పల్లెకి వెళ్ళలేకపోయాను. ఆరోగ్యమ్మ గుడిసె బయటికి వచ్చి నిలబడింది. కొడుకు ఎట్టా పోయాడని అడగలేదు. "పూడ్చారా బాబూ? సిలువ పెట్టారా?" అని అడిగింది. ఏం చెప్పను? మీవాణ్ణి తగలబెట్టాం అని చెప్పనా? కిరస్తానీలకి కాల్చటం అంటే ఎంత ఘోరమో నాకు తెలుసు. కడపటి రోజున దేవుడు పిలిస్తే సమాధిలోంచి లేవాలి అంటారు వాళ్ళు. లేవటానికి ఒళ్ళుండాలి గదా. పూడ్చామన్నాను. సిలువ పెట్టామన్నాను. టేకుచెక్క సిలువ, దానిమీద తారుతో పేరు రాసింది నేనే అన్నాను.

తారుతో రాసిన మాట నిజం. బూడిద మీద రాళ్ళు పేర్చి ఒక పలక పాతాం. నాలుగు పేర్లు. మూడోది వాడిది.

మరుసటేడు సమాధుల పండుగకి ముందు మళ్ళీ అడిగింది. అక్కడ నీడ ఉందా బాబూ అని. పక్కనే దేవగన్నేరు చెట్టుందన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోటికొచ్చింది. ఆవిడ ఎక్కణ్ణించో ఒక కొమ్మ తెచ్చి తన మొగుడి సమాధి దగ్గర నాటింది. ఇక్కడా అక్కడా ఒకే చెట్టు ఉంటుందని. ఇప్పుడా చెట్టు నా ఎత్తు దాటిపోయింది. ప్రతి ఏడూ పువ్వులు పూసినప్పుడల్లా "అక్కడా పూసుంటాయి," అంటుంది. పూసుంటాయి అంటాను.

ఇందులో నా తప్పేముంది? నలభై రెండులో, గుంటూరులో భర్తీ అయిన రోజు కిరస్తానీలని వేరే కంపెనీలో వేస్తారని ఎవడో అన్నాడు. ఇద్దరం ఒకేచోట ఉండాలని, ఫారం నేనే నింపుతూ, వాళ్ళ నాయనమ్మ మొక్కుకుని పెట్టిన ముద్దుపేరు పానకాలు అని రాశాను, మతం దగ్గర హిందువు అని రాశాను. వాడు పక్కనే నిలబడి "రాసెయ్యరా, ఏం పోయింది," అన్నాడు. వాడే రాయమన్నాడు. మెళ్ళో వేసిన గుర్తింపు డిస్కు మీద కూడా హిందువనే పడింది. వాడు పోయాక డిస్కు చూసి కాల్చారు. నన్నెవరడిగారు?

నన్నెవరూ అడగలేదు.

24-8-58

వాన లేదు.

2-9-58

మిరప నాట్లు మొదలుపెట్టాం. ఆరోగ్యమ్మ కూలికి వచ్చింది. ఈ వయసులో వద్దంటే వినదు. మునుపటిలా వంగలేక సాలు సాలుకీ ఆగి దగ్గుతోంది. నేను గట్టు మీద నిలబడి గొడుగు పట్టుకుని చూస్తున్నాను.

పొద్దువాలాక అందరూ వెళ్ళిపోయినా ఆగింది. "బాబూ, ఒక్క మాట," అంది.

"చెప్పు."

"ఈ దగ్గు నన్ను బతకనిచ్చేట్టు లేదు. మా వాడి సమాధి మీద మట్టి పిడికెడు తెప్పించగలవా? నేను పోయినరోజు నా పెట్టెలో ఏపిచ్చుకుంటాను. ఆణ్ణి ఎటూ పక్కన పడుకోబెట్టుకోలేను. మట్టన్నా ఉంటది."

"రంగూన్ అంటే పెదకాకాని అనుకున్నావా, పోయి తేవటానికి?" అన్నాను. గట్టిగానే అన్నాను. నాకు భయం వేసినప్పుడు గొంతు పెరుగుతుంది.

"నీకు పట్టాళపోళ్ళు తెలుసుగదా బాబూ," అంది.

చూస్తానన్నాను. 

మాది పక్కపక్క చేను కాదు, పక్కపక్క ఇల్లు కాదు. కానీ ఓడలో పదకొండు రోజులు ఆరోగ్యమ్మ కొట్టి పంపిన కారం డబ్బా ఒక్కటే మాకు ఆధారం. ఓడలో పెట్టే ఉడకబెట్టిన గడ్డి నోట పెట్టలేక, అన్నంలో ఆ కారం కలుపుకుని ఇద్దరం ఒకే పళ్ళెంలో తిన్నాం. ఊరొచ్చాక ఆవిడ ఇంటి ముందు నిలబడి మాట్లాడతానే గానీ, మంచినీళ్ళిస్తే ఇప్పుడే తాగానంటాను. మరియదాసు ఉంటే పళ్ళు రాలగొట్టేవాడు.

9-9-58

ఆవిడ అడిగింది. ఉత్తరం రాశానన్నాను. ఎవరికీ రాయలేదు.

17-9-58, దర్శి

చెల్లెలింటికి వచ్చాను. ఊరికే చూసి పోదామని. ఇక్కడి నేల ఎర్రగా ఉంటుంది. మా రేగడిలా కాదు.

18-9-58

బస్సెక్కేముందు ఊరి బయట దిబ్బ దగ్గర ఆగాను. జేబురుమాలు నిండా తీసుకున్నాను. ఎందుకో ఇక్కడ రాయను.

23-9-58

ఇచ్చేశాను. విశాఖపట్నం రేవులో పాత స్నేహితుడున్నాడనీ, ఓడవాళ్ళ చేత తెప్పించాడనీ చెప్పాను. చెబుతుంటే నాకే నిజమనిపించింది. ఆ స్నేహితుడికి నిమిషంలో ఒక పేరూ, ఒక కుంటికాలూ పెట్టేశాను.

ఆరోగ్యమ్మ రుమాలు విప్పి చూసింది. "ఎర్రగా ఉందే," అంది. వాసన చూసింది. తర్వాత చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. పిల్లలు మట్టి తింటే కొడతాం. అరవై ఏళ్ళ మనిషి నా ఎదుట దర్శి మట్టి తింటుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

"నీ రుణం తీర్చుకోలేను నాయనా," అంది. బాబూ అనేది ఎప్పుడూ. ఇవాళ నాయనా అంది.

ఛీ.

24-9-58

ఆవిడ సంతోషంగా ఉంది. దగ్గు కూడా తగ్గిందట. మంచిదే గదా? ఎవరికేం నష్టం? మట్టి ఎక్కడిదైనా మట్టే.

25-9-58

మట్టి ఎక్కడిదైనా మట్టే అని రాశాను నిన్న. చదువుకుంటే నామీద నాకే అసహ్యంగా ఉంది.

5-10-58

కొంప మునిగింది. ఆరోగ్యమ్మ ఆ మట్టిని ఫాదర్ గారికి చూపించిందట. ఆయన ముచ్చటపడి సమాధుల పండుగ నాడు అందరి ఎదుటా మంత్రించి ఇస్తానన్నాడట. పైగా రోశయ్య గారు కూడా వచ్చి బర్మాలో ఆ సమాధి ఎట్టా ఉంటుందో నాలుగు మాటలు చెబితే బాగుంటుందని గుళ్ళో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి చేత కబురు పంపాడు. ఉపదేశి ప్రేమదాసు మంచివాడు. చేతులు కట్టుకుని అడిగాడు. "ఈ ఏడు నవంబరు రెండో తారీకు ఆదివారం పడిందండి, అందుకని పండుగ మూడున చేస్తారండి. మీకు ఆ రోజు వీలవుద్దా అండి?" అన్నాడు.

చూద్దామన్నాను. ఈమధ్య నేను ఎవరికి ఏం చెప్పినా చూద్దామనే.

12-10-58

నాలుగు మాటలు రాసి చూసుకున్నాను. "ఎత్తయిన ప్రదేశం. చుట్టూ పచ్చిక." చించేశాను.

19-10-58, ఆదివారం

మరియదాసు చెల్లెలు జయకుమారి దసరా సెలవులకి వచ్చింది. గుంటూరులో టీచరు ట్రెయినింగు చదువుతోంది. వాడు పట్టాళానికి పోయేనాటికి ఇది చంకలో పిల్ల. ఇప్పుడు చేతికి గడియారం, చంకలో పుస్తకాలు. అరుగు దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి, "అన్నయ్య ఉత్తరం ఒకసారి ఇస్తారా అండీ, చదువుకుని ఇచ్చేస్తాను," అంది.

"గుంటూరులో ఉండిపోయిందమ్మా, సోల్జర్ల ఆఫీసులో," అన్నాను.

"అలాగా," అంది. అంతే. కానీ కదలకుండా ఒక్క నిమిషం నా మొహంలోకి చూసింది. ఆ చూపు వాళ్ళ అన్నదే.

20-10-58

జయకుమారి మళ్ళీ వచ్చింది. నేను దొడ్లో ఉన్నాను. మల్లేశ్వరి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "గుంటూర్లో ఏంది, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం కూడా ఏశాడు గదా!"

ఇవ్వక తప్పలేదు. ఆ పిల్ల అరుగు మీద కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది. మడతపెట్టి కవర్లో పెట్టింది. 

"కాల్చారా?"

అవునన్నాను. భర్తీ ఫారం సంగతి చెప్పాను. డిస్కు చూసి చేశారనీ, నన్నెవరూ అడగలేదనీ చెప్పాను.

"అన్నయ్య మెళ్ళో మరియమాత పతకం ఉందిగదండీ. మీరే తెచ్చి ఇచ్చారు, అమ్మ ఇప్పటికీ వేసుకుంటుంది. కాల్చేముందు ఆ పతకం కనిపించినవాడెవడైనా, ఇతను ఎవరని పక్కవాణ్ణి అడగడా?"

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"మరి ఆ మట్టి?"

తుడిచిందే మళ్ళీ తుడిచాను.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆ రెండిట్లో ఏది చేసినా నాకు సుఖంగా ఉండేది. "మా అమ్మకి నేను చెప్పనండీ," అంది. "మీరు చెప్పిన అబద్ధం మీరే చెప్పుకోవాలి. ఆ మట్టిని ఫాదర్ గారి చేతికివ్వక ముందు చెప్పండి. నేను మూడో తారీకు దాకా ఇక్కడే ఉంటాను." ఉత్తరం తీసుకుని వెళ్ళిపోయింది.

మల్లేశ్వరి గుమ్మంలో నిలబడి అంతా వింది. "ఏం చేశావయ్యా నువ్వు?" అంది. మెల్లగా అంది. దానికి మెల్లగా మాట్లాడటం వచ్చని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది.

25-10-58, శనివారం

రాస్తాను. చెప్పేముందు ఒకసారి కాగితం మీద పెట్టాలి. లేకపోతే అక్కడికి వెళ్ళి మళ్ళీ కొత్త కథ అల్లుతాను, నా సంగతి నాకు తెలుసు.

నలభై అయిదు, ఏప్రిల్ నెల. మెయిక్తిలా దాటి దక్షిణంగా పోతున్నాం. మాది రోడ్లు వేసే కంపెనీ. తుపాకీలు మోసేవాళ్ళు ముందు పోతుంటే వెనకాల మేం గుంతలు పూడ్చుకుంటూ, వంతెనలు సరిచేసుకుంటూ పోవాలి. ఎండ ఇక్కడి రోహిణికార్తె ఎండే. నేల ఎండి పలుగు దిగటం లేదు. ఆ రోజు పొద్దున్నే ఫిరంగులవాళ్ళలో ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్ళు పోయారు. వాళ్ళకి రెండు గోతులు తవ్వమని మమ్మల్ని పంపారు. నేనూ మరియదాసూ కలిసి ఒకటి తవ్వాం. ఇంకోటి నేనూ ఇంకొకడూ తవ్వాం. చేతులు పగిలి నెత్తురొచ్చింది.

మధ్యాహ్నం మా లారీ మీద గుండు పడింది. నలుగురు పోయారు. మరియదాసు టైరు పక్కన పడి ఉన్నాడు. మొహం బాగానే ఉంది.

మిగతా ముగ్గురూ హిందువులు. విరిగిన వంతెన చెక్కలు కావలసినన్ని ఉన్నాయి. చితి పేర్చేశారు. ఇంకో గంటకి బయలుదేరాలని అంటున్నారు. మా కెప్టెను పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్క డిస్కు చూసి రాసుకుంటున్నాడు. మరియదాసు దగ్గర వంగాడు. మెళ్ళో పతకం చూశాడు. నన్ను పిలిచాడు.

"ఇతను క్రిస్టియనా?"

"కాదు సార్. హిందువు. ఎవరో స్నేహితుడిచ్చిన పతకం అది సార్."

ఆయన కదల్లేదు. "నువ్వు ఇతని ఊరివాడివి గదా. బాగా ఆలోచించుకుని చెప్పు. క్రిస్టియన్ అయితే పూడుద్దాం. కావాలంటే బయలుదేరటం ఆపిస్తాను."

ఆపిస్తానన్నాడు. ఇది ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. రెండోసారి అడిగాడు, టైమిస్తానన్నాడు.

"హిందువే సార్," అన్నాను.

ఫారంలో అబద్ధం బయటపడుతుందన్న భయం కాదు. ఆ యుద్ధంలో ఆ ఫారం ఎవడికి కావాలి? నిజం ఏమిటంటే, క్రిస్టియన్ అంటే ఇంకో గొయ్యి తవ్వాలి. ఊరివాణ్ణి, స్నేహితుణ్ణి, నేనే తవ్వాలి. ఆ చేతులతో ఆ ఎండలో మూడో గొయ్యి నా వల్ల కాదనిపించింది. అంతే. ఇంకే కారణమూ లేదు. వెతికి వెతికి చూశాను పదమూడేళ్ళు. ఇంకో కారణం దొరికితే బాగుండునని చూశాను. లేదు.

పతకం నేనే తీసి జేబులో వేసుకున్నాను. నిప్పు కూడా నేనే పెట్టాను.

26-10-58

చెప్పాను.

ఆరోగ్యమ్మ గుడిసె ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జయకుమారి పక్కనే ఉంది. నిన్న రాసినదంతా ఒక్కటి కూడా మార్చకుండా చెప్పాను. సిలువ లేదు, గన్నేరు చెట్టు లేదు, ఆ మట్టి దర్శిది అని కూడా చెప్పాను. మొదట మెల్లగా మొదలుపెట్టి చివరికి ఏడుస్తూ చెప్పాను. నాకు ఏడుపు రావటం నాకే సిగ్గనిపించింది. ఏడవాల్సింది ఆవిడ గదా.

చేతిలో చింతపండు తీసి పక్కన పెట్టింది. 

"గన్నేరు చెట్టు కూడా లేదా?"

లేదన్నాను.

"పదకొండేళ్ళు," అంది. "నేను ఆ చెట్టు కిందకి పోతన్నాను. రోజూ జపమాల చెప్పుకునేటప్పుడు కళ్ళు మూసుకుని ఆ చెట్టు కింద కూకునేదాన్ని. ఆడి సిలువకి ఆనుకుని. ఎవుళ్ళ చెట్టు కింద కూకున్నాను బాబూ నేను?"

నేను పైపంచెతో మొహం తుడుచుకున్నాను.

"కాల్చినందుకు కాదు నా బాధ," అంది. "ఆ ఎండలో నువ్వు మాత్రం ఏం చేస్తావు. దేవుడు బూడిదలోంచి లేపలేడా ఏంటి. ఈ లేనిపోని చెట్టెందుకు పెట్టావు?"

ఇంక పొమ్మంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

27-10-58

పొగాకు నారు వచ్చింది. నాటలేదు.

28-10-58

పల్లె నుంచి కబురు లేదు. కూలికి కూడా రాలేదు ఎవరూ.

29-10-58

ఎవరైనా వచ్చి నాలుగు తిట్టినా బాగుండును.

30-10-58, గురువారం

పొద్దుగూకుతుండగా జయకుమారి వచ్చింది. ఎప్పట్లాగే నిలబడి మాట్లాడింది.

"ఎల్లుండి శనివారం సకల పునీతుల పండుగ, ఆ మర్నాడు ఆదివారం. ఆ రెండు రోజులూ పని చెయ్యకూడదండి. అందుకని రేపు పొద్దున్నే రమ్మంది అమ్మ. పలుగూ పారా తెచ్చుకోమంది."

"ఎందుకమ్మా?"

"చెప్పలేదండి. మనుషుల్ని తీసుకురావద్దంది. మిమ్మల్ని ఒక్కర్నే."

మల్లేశ్వరి గొడ్లచావిట్లోంచి పలుగూ పారా తెచ్చి అరుగుకి ఆనించి పెట్టింది.  అవి పట్టుకుని ఎన్నేళ్ళయింది! గొడుగు పట్టటం మొదలుపెట్టాక పలుగు పట్టలేదు.

31-10-58

వేళ్ళు ముడుచుకోవటం లేదు. అయినా ఇవాళే రాయాలి.

కిరస్తానీల శ్మశానం పల్లె వెనక, మిరపచేల పక్కన. పండుగకి ముందని అందరూ సమాధులకి సున్నం కొడుతున్నారు, గడ్డి పీకుతున్నారు. నన్ను పలుగుతో చూసి చేతులు ఆపేశారు. ఆరోగ్యమ్మ మొగుడి సమాధి గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన దేవగన్నేరు. కాలిబొటనవేలితో నేలమీద గీత గీసి చూపించింది.

"ఇక్కడ తవ్వు. మనిషి నిడివి, మనిషి లోతు."

తవ్వాను. మొన్నటి వానలకి రేగడి పైన బంకబంకగా ఉంది. పారకి అంటుకుని రాదు. ప్రతి పారకీ కాలితో గీకి పడెయ్యాలి. మోకాలి లోతు దిగేసరికి అరచేతుల్లో బొబ్బలు లేచాయి. నడుం లోతుకి అవి పగిలాయి. ఉపదేశి ప్రేమదాసు ఆగలేక "నేను ఓ చెయ్యి ఎయ్యనా అండి?" అని ముందుకొచ్చాడు. "నువ్వుండు," అంది ఆరోగ్యమ్మ. అంతే, ఇంకెవరూ రాలేదు.

ఆవిడ నన్ను చూడటం లేదు. జపమాల తిప్పుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి, వేళ్ళు పూసల మీద పోతున్నాయి. ఒక చుట్టు అవగానే పక్కనున్న గన్నేరు పువ్వు ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుంటోంది. మళ్ళీ మొదలుపెడుతోంది.

దాహంతో నాలుక పిడచగట్టింది. నన్ను మంచినీళ్ళు తాగమని ఎవరూ అనలేదు. ఈసారి నేనే అడిగాను. జయకుమారి చెంబుతో ఇచ్చింది. రెండు చెంబులు తాగాను. ఎత్తిపోసుకోకుండా, చెంబు నోటికి ఆనించే తాగాను. మా వాళ్ళెవరైనా చూశారేమోనని చూడాలనిపించలేదు.

భుజాల లోతు వచ్చాక ఆపాను. బయటికి ఎక్కటానికి చేతులు పట్టలేదు. ప్రేమదాసు లాగాడు.

ఆరోగ్యమ్మ వచ్చి గొయ్యిలోకి తొంగి చూసింది. కొంగులోంచి ఆ జేబురుమాలు తీసింది. నాదే, దర్శి మట్టి. పారేస్తుందనుకున్నాను. "మట్టేం తప్పు చేసింది," అని అందులోనే పోసింది. మెళ్ళోంచి పతకం తీసి జయకుమారికి ఇచ్చింది. ఆ పిల్ల ముద్దు పెట్టుకుని కొత్తగుడ్డలో చుట్టి తాడుతో కిందికి దించింది. వాడిది అంటూ ఆ ఇంట్లో మిగిలింది అదొక్కటే.

తర్వాత ఆరోగ్యమ్మ నా వైపు తిరిగింది. ఒళ్ళో పువ్వులు దోసిట్లోకి తీసుకుని నాకు చూపించింది. ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆరు.

"ఆరు జపమాలలయ్యాయి," అంది. "జయా, నీ గడియారంలో ఎంతసేపయింది?"

"రెండు గంటలమ్మా."

"రెండు గంటలు," అంది. నన్ను చూసింది. బాబూ అనలేదు, నాయనా అనలేదు. నలభై రెండుకి ముందు, మా ఇద్దరినీ పెరట్లో దోసకాయలు దొంగిలిస్తుంటే పట్టుకున్నప్పుడు పిలిచినట్టు పిలిచింది.

"అంతేనా రోశయ్యా? రెండు గంటలేనంట్రా?"

అక్కడ నేల గట్టిది, అని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను.

3-11-58, సోమవారం

పండుగ. నన్ను పిలవలేదు. ఫాదర్ గారికి నా మాటలు అక్కర్లేదని ముందే చెప్పించిందట. వెళ్ళలేదు. శ్మశానం పక్క చేలోనే గట్టు మీద కూర్చున్నాను. పాటలు వినిపించాయి. సిలువ పాతారు. టేకు కాదు, తుమ్మ. దానిమీద పేరు జయకుమారి తారుతో రాసింది. పానకాలు అని కాదు, మరియదాసు అనే రాసింది. పొద్దుగూకేవేళ కొవ్వొత్తులు ముట్టించారు.

అందరూ వెళ్ళేదాకా ఊరికే కూర్చున్నాను. ఏ పనీ చెయ్యలేదు. రెండు గంటలు ఇట్టే అయిపోయాయి.